స్క్విడ్: అంతా ఉప్పు చలవే

తెనాలి కాలువ గట్టున నత్త కనిపిస్తే ఎవరూ ఆగి చూడరు. దాని జ్ఞాతి ఒకటి సూర్యలంక అవతలి సముద్రంలో ఉంది. అది వీపు మీద గుల్ల మొయ్యదు, నేల మీద పాకదు. మూడు గుండెలు, నీలి రక్తం, రెప్పపాటులో రంగు మారే చర్మం దాని సొత్తు. ఆపద వస్తే వెనక్కి దూసుకుపోవడం దాని విద్య. అదే స్క్విడ్.

నత్తా స్క్విడ్డూ రెండూ మొలస్కా వర్గానివే. నత్త ఎప్పుడో మంచినీటికి అలవాటుపడి చెరువులకూ వరిచేలకూ ఎక్కివచ్చింది. స్క్విడ్ మాత్రం కృష్ణ మొగ దాటి లోపలికి రాలేదు. కృష్ణే కాదు, ప్రపంచంలో ఏ మంచినీటి నదిలోనూ స్క్విడ్ లేదు. ఎందుకు లేదో చెప్పే జవాబు ఒక్కటే: ఉప్పు. దాని నరాలు పనిచేసే తీరుకూ, దాని మాంసంలోని తీపికీ, చివరికి దాని కూరలో చింతపండు పనికొచ్చే కారణానికీ మూలం ఆ ఉప్పే.

వలలో పడేది ఏది?

రేపల్లెకు నైరుతిన ఉన్న నిజాంపట్నం 1606లోనే డచ్చివారు వర్తకానికి దిగిన పాత రేవు. ఇప్పుడది చేపల రేవు. మన తీరంలో రొయ్యల కోసం, చేపల కోసం మరపడవలు ఈడ్చే ట్రాల్ వలల్లో స్క్విడ్ కూడా పడుతుంది. అందులో ఎక్కువగా కనిపించే రకాన్ని శాస్త్రజ్ఞులు యూరోట్యూథిస్ డువాసెలీ అంటారు. అందులో డువాసెలీ అన్న మాట 1835లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోర్బిన్యీ పెట్టింది. మన దేశంలో జంతువులను సేకరిస్తూ తిరిగి, 1824లో మద్రాసులో కన్నుమూసిన ఆల్ఫ్రెడ్ డువాసెల్ పేరు అలా మన సముద్రపు జీవికి అంటుకుంది.

ఇది తీరానికి మరీ దూరం పోని రకం. సాధారణంగా 170 మీటర్ల లోతు లోపలే గుంపులుగా తిరుగుతుంది. చిన్న చేపలనూ రొయ్యలనూ పట్టి తింటుంది, ఆకలేస్తే సాటి స్క్విడ్‌నూ వదలదు. తల చుట్టూ ఎనిమిది చేతులు, వాటితో పాటు దూరాన ఉన్న ఎరను అందుకోవడానికి చాచే పొడవాటి తంతువులు రెండు. చేతుల నడుమ చిలక ముక్కు లాంటి గట్టి ముక్కు. ఒంటి గొట్టం లోపల, గుల్లకు గుర్తుగా మిగిలిన పలచని పారదర్శక బద్ద ఒకటి ఉంటుంది. దీని దాయాది కటిల్‌ఫిష్‌లో ఈ బద్ద స్థానంలో తెల్లటి సున్నపు చెక్క ఉంటుంది. ఆయుర్వేద సరుకుల కొట్లో సముద్రఫేనం పేరుతో అమ్మేది దాన్నే. స్క్విడ్‌ను ఎన్నడూ చూడని ఇళ్లలో కూడా దాని దాయాది ఎముక మందుల పెట్టెలో ఉండి ఉంటుంది.

రక్తం నీలంగా ఉండటానికి రాగి కారణం. మన రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుమున్న హీమోగ్లోబిన్. స్క్విడ్‌లో ఆ పని రాగి ఉన్న హీమోసయనిన్‌ది. ఇది హీమోగ్లోబిన్ అంత సమర్థంగా పనిచేయదు. అందుకే రెండు మొప్పలకూ రక్తాన్ని తోసే గుండెలు రెండు, ఒళ్లంతా తిప్పే గుండె ఒకటి అవసరమయ్యాయి.

ఏటి మొగ దగ్గరే ఆగింది

మన డెల్టా జీవులు చాలావరకు రెండు నీళ్లూ ఎరిగినవే. పులస సముద్రం నుంచి గోదావరికి ఎదురీదుతుంది. పండుగప్ప ఉప్పుటేళ్లలో పెరిగి, గుడ్లకు సముద్రం వైపు పోతుంది. టైగర్ రొయ్య సముద్రంలో పుట్టి, మడ అడవుల నీళ్లలో ఎదిగి, మళ్లీ సముద్రానికి చేరుతుంది. స్క్విడ్‌కు ఈ రాకపోకలు చేతకావు.

మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే తెల్లారేసరికి ఊట దిగుతుంది. ఉప్పు తక్కువ ఉన్న వైపు నుంచి ఎక్కువ ఉన్న వైపుకు నీరు లాగబడటమే అందులోని సూత్రం. సముద్రపు చేప రక్తంలో ఉప్పు సముద్రంలో ఉన్నదానిలో దాదాపు మూడో వంతే. అంటే సముద్రం ఆ చేప ఒంట్లోని నీటిని ఎప్పుడూ లాగేస్తూనే ఉంటుంది. చేప నీళ్లు తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల నుంచి బయటికి తోసి బతుకుతుంది. స్క్విడ్ ఈ శ్రమ పెట్టుకోలేదు. దాని రక్తపు గాఢత సముద్రపు నీటితో సమానం. బయటా లోపలా సమానమైతే లాగుడు లేదు, తోయనక్కర లేదు.

సముద్రంలో ఉన్నంతకాలం ఇది లాభసాటి బేరమే. నీటిలో ఉప్పు తగ్గినప్పుడే చిక్కు వస్తుంది. అప్పుడు బయటి నీరు ఒంట్లోకి చొరబడి కణాలు ఉబ్బుతాయి, దాన్ని బయటికి పంపే యంత్రాంగం స్క్విడ్‌కు లేదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అమెరికా తూర్పు తీరంలో చెసపీక్ అఖాతానికి వచ్చే లోలిగుంకులా బ్రెవిస్ అనే చిన్న స్క్విడ్ అందులో సగం ఉప్పున్న నీటిని కూడా తట్టుకుంటుంది. స్క్విడ్ జాతుల్లో అదే గొప్ప.

ఇక మన సముద్రం సంగతి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద రేపల్లె పక్కగా సముద్రంలోకి దిగింది. కృష్ణ ఒక్కటే కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి అన్నీ వర్షాకాలంలో ఈ బంగాళాఖాతంలోకే వస్తాయి. రుతుపవనాలు ముగిశాక ఆ మంచినీరంతా తీరాన్ని ఆనుకుని ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నని పాయలా సాగుతుందని 2014లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. సముద్రంలో ఒక నది పారుతున్నదని ఆ శాస్త్రజ్ఞులు వర్ణించారు. వాళ్లకు ఆధారం ఉపగ్రహాలు కావు. తీరంలో కొన్నిచోట్ల మత్స్యకారులు కొన్ని రోజులకొకసారి చొప్పున ఏళ్ల తరబడి పట్టి ఇచ్చిన నీటి నమూనాలే ఆధారం.

మన దేశంలో స్క్విడ్, కటిల్‌ఫిష్ ఎక్కువగా దొరికేది కేరళ, కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్ తీరాల్లో. అందుకు ఉప్పు ఒక్కటే కారణం కాదు. నైరుతి గాలుల కాలంలో అరేబియా సముద్రపు అడుగు నుంచి పోషకాలున్న చల్లటి నీరు పైకి వస్తుంది, దానితో మేత పెరుగుతుంది. బంగాళాఖాతంలో తేలికైన మంచినీటి పొర పైన మూతలా పరుచుకుని ఆ కదలికను అణిచిపెడుతుంది. మనకు వరి ఇచ్చిన నదులే సముద్రంలో ఆ మేతకు అడ్డుపడుతున్నాయి.

నరంలోనూ ఉప్పే

బెదిరిన స్క్విడ్ ఒంటి గొట్టంలోకి తీసుకున్న నీటిని సన్నని నాళం గుండా ఒక్కసారిగా చిమ్మి, ఆ ఊపుతో వెనక్కి దూసుకుపోతుంది. వెనక సిరా మబ్బు వదులుతుంది. ఈ ఎత్తు పారాలంటే ఒళ్లంతా ఒకే క్షణంలో బిగుసుకోవాలి. అందుకు దానికి రాక్షస నరతంతువులు ఉన్నాయి. మన ఒంట్లో మందమైన నరతంతువు 0.02 మిల్లీమీటర్లు. స్క్విడ్‌ది 1 మిల్లీమీటరు దాకా ఉంటుంది. తంతువు లావయ్యే కొద్దీ కబురు వేగం పెరుగుతుంది. దూరపు కండరాలకు పోయే తంతువులు మరింత లావుగా ఉండటం వల్ల, దగ్గరి కండరాలకూ దూరపు కండరాలకూ ఆజ్ఞ ఇంచుమించు ఒకేసారి అందుతుంది.

ఈ తంతువులను 1936లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె. జెడ్. యంగ్ లోకం దృష్టికి తెచ్చాడు. కంటికి కనిపించే నరం దొరికేసరికి శరీరధర్మ శాస్త్రానికి దారి తెరుచుకుంది. 1939లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో అలన్ హాజ్కిన్, ఆండ్రూ హక్స్‌లీ ఆ తంతువు లోపలికి సన్నని ఎలక్ట్రోడును పంపి, సంకేతం పుట్టేటప్పటి విద్యుత్తును నేరుగా కొలిచారు. వెంటనే యుద్ధం వచ్చి పని ఆగింది. యుద్ధానంతరం, 1949లో హాజ్కిన్, బెర్నార్డ్ కాట్జ్ కలిసి తంతువు చుట్టూ ఉన్న నీటిలో సోడియం తగ్గించి చూశారు. సంకేతం బలం తగ్గింది. ఉప్పులోని సోడియమే నరపు కబురును నడిపిస్తోందని అలా తేలింది.

తంతువు బయట సోడియం లోపలికంటే సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ. సంకేతం వచ్చినప్పుడు పొరలోని ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. వెయ్యో వంతు సెకను నాటికి ద్వారాలు మూసుకుంటాయి, పొటాషియం బయటికి పోయి పరిస్థితి సర్దుకుంటుంది. ఈ వ్యవహారాన్ని హాజ్కిన్, హక్స్‌లీ 1952లో సమీకరణాలుగా రాశారు, 1963లో నోబెల్ అందుకున్నారు. మన నరాలు కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. పన్ను పీకే ముందు డాక్టరు ఇచ్చే మత్తు ఇంజెక్షను చేసేది ఆ సోడియం ద్వారాలను కాసేపు మూయడమే.

తీపి ఎక్కడిది?

తాజా స్క్విడ్ మాంసంలో సన్నని తీపి ఉంటుంది. అందులో చక్కెర కాదు, ఉప్పు పెట్టిన పని ఉంది. రక్తం సముద్రమంత ఉప్పగా ఉంటే కణాల లోపల కూడా ఆ గాఢత ఉండాలి, లేకపోతే కణంలోని నీరు రక్తంలోకి పోతుంది. అలాగని కణంలోకి అంత ఉప్పు రానిస్తే ప్రోటీన్లు దెబ్బతింటాయి. అందుకని స్క్విడ్ తన కణాలను గ్లైసిన్, ప్రోలిన్, అలనిన్ వంటి విడి అమైనో ఆమ్లాలతోనూ, ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థంతోనూ నింపుకుంటుంది. గ్లైసిన్, అలనిన్ నాలుకకు తియ్యగా తగులుతాయి. సముద్రపు రొయ్య, పీత రుచికి కూడా మూలం ఇదే.

జీవి చచ్చాక కథ మారుతుంది. ఆ ఆక్సైడ్‌ను బాక్టీరియా ట్రైమిథైలమైన్‌గా విడగొడుతుంది. ముక్కు మూసుకునేలా చేసే నీచు వాసన దానిదే. ఐసు ఆలస్యమయ్యే కొద్దీ అది పెరుగుతుంది. ఇది క్షార స్వభావం గలది. చింతపండు పులుపు తగిలితే గాలిలోకి లేవని లవణంగా మారి అణుగుతుంది. శీలావతి, బొచ్చె వంటి చెరువు చేపల్లో ఈ పదార్థం చాలా తక్కువ. వాటిలో వచ్చే బురద వాసన జియోస్మిన్ అనే వేరే రసాయనానిది. పులుపు దాన్ని కూడా విరుస్తుంది. వేర్వేరు నీళ్ల చేపలకు వేర్వేరు వాసనలు, రెంటికీ విరుగుడు చింతపండు. పులుసు పెట్టే చేయికి ఇది ఎప్పుడో తెలుసు.

పొయ్యి మీద

స్క్విడ్ వండటం చెడేది ఎక్కువగా సమయం దగ్గరే. దాని కండరాల పొరల మధ్య కొల్లాజెన్ దట్టంగా ఉంటుంది. వేడి తగలగానే కొల్లాజెన్ ముడుచుకుని, నీటిని పిండి, ముక్కను రబ్బరు చేస్తుంది. మంట బాగా ఉన్న మూకుడులో రెండు మూడు నిమిషాల్లో దించితే ఆ ముడత పూర్తికాదు. అది దాటిపోతే నలభై నిమిషాలో గంటో సన్నని సెగ మీద ఇగరనివ్వాలి, అప్పుడు కొల్లాజెన్ జిగురుగా కరిగి ముక్క మెత్తబడుతుంది. వేపుడుకు మొదటి దారి, ఇగురుకూ పులుసుకూ రెండోది. పది నిమిషాల వంట రెంటికీ చెడ్డ రేవడి.

కొనేటప్పుడు చర్మం మీద చుక్కలు విడివిడిగా కనిపించాలి, కన్ను మెరవాలి. చుక్కలు చెరిగి మాంసమంతా గులాబీ రంగుకు తిరిగితే పాతబడినట్టే. తల పట్టి లాగితే పేగులు, సిరా సంచి దానితోనే వస్తాయి. పారదర్శక బద్దనూ చర్మాన్నీ తీసేయాలి. లోపలి జీర్ణగ్రంథిని తప్పకుండా పారేయాలి, కాడ్మియం లోహం పేరుకునేది అక్కడే. పేగులు తీసిన మాంసంలో కిలోకు 1 మిల్లీగ్రాముకు మించి కాడ్మియం ఉండరాదని ఐరోపా సమాఖ్య నియమం పెట్టింది.

వంద గ్రాముల పచ్చి మాంసంలో దాదాపు 16 గ్రాముల ప్రోటీను, 1.4 గ్రాముల కొవ్వు ఉంటాయి. రాగి దాదాపు 2 మిల్లీగ్రాములు, నీలి రక్తపు జీవి కదా. కొవ్వు తక్కువైనా కొలెస్టరాల్ మాత్రం 230 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. రొయ్యలు పడనివాళ్లు స్క్విడ్‌తోనూ జాగ్రత్తపడాలి. ఎలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీను రెండింటిలోనూ ఉంది.

ఏడాది పంట

స్క్విడ్ తలలో సమతూకం చూసే సన్నని రాళ్లు ఉంటాయి. వాటి మీద రోజుకొక వలయం చొప్పున పడుతుంది. ఆ వలయాలు లెక్కపెట్టి శాస్త్రజ్ఞులు వయసు చెబుతారు. తీరపు స్క్విడ్ బతుకు ఏడాదికి అటూ ఇటూ. సముద్రపు అడుగున గుత్తులుగా గుడ్లు పెట్టి, తర్వాత చచ్చిపోతుంది. వలకు చిక్కని పెద్ద వయసు స్క్విడ్‌లు మరుసటి ఏటికి మిగిలి ఉండటం అనేది దాదాపుగా లేదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. వెలుగుతో చేపలను ఆకర్షించి పట్టే ఎల్‌ఈడీ దీపాల వేటను కేంద్రం 2017 నవంబరులో నిషేధించింది. స్క్విడ్‌కు ఈ రెండూ మేలు చేసేవే. అయితే అది గుడ్లు పెట్టేది ఆ రెండు నెలల్లోనే కాదు, మిగతా కాలంలో అడుగును గీరుకుంటూ పోయే ట్రాల్ వల ఆ గుత్తులను కూడా లాగేస్తుంది.

నిజాంపట్నం ఉన్న బాపట్ల జిల్లా రొయ్యల చెరువుల జిల్లా. సముద్రంలో రొయ్య తగ్గితే హేచరీ నుంచి పిల్ల తెచ్చి చెరువులో వేసే దారి ఇక్కడివాళ్లకు తెలుసు. స్క్విడ్‌కు మన దేశంలో అలాంటి సాగు లేదు. దొరికేదంతా వేట సరుకే. కాబట్టి వచ్చే ఏడు నిజాంపట్నం రేవుకు ఎంత స్క్విడ్ వస్తుందో ఈ ఏడు అడుగున మిగిలిన గుడ్లే తేలుస్తాయి. వల కన్ను ఎంత ఉండాలి, ఎక్కడ ఈడ్వకూడదు అన్న లెక్కల్లో రొయ్యతో పాటు దీనికీ చోటివ్వాలి.