గోడ కొసను వాలుగా కోయుట

గోడ యనగానే దాని పొడవు, ఎత్తు, మందము మనకు స్ఫురించును గాని, అది ఎట్లు ముగియునో ఆలోచించువారు అరుదు. సాధారణముగ గోడ లంబముగనే ముగియును. అయితే రెండు వీధులు ఏటవాలుగా కలిసికొను మూలస్థలమున ఇల్లు కట్టునపుడు, కొసను వాలుగా కోయవలసి వచ్చును. కంప్యూటరు నమూనాలో దీనిని తీర్చు విధమును సోదర విద్యార్థులకు వివరింప దలచితిమి.

ఇట్టి మూలలలో ప్రసిద్ధమైనది వాషింగ్టను నగరమందలి నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ తూర్పు భవనమునందు గలదు. 1978లో ప్రారంభమైన ఈ కట్టడమునకు రూపకల్పన చేసినవారు ఐ. ఎం. పేయ్. పెన్సిల్వేనియా అవెన్యూ ఏటవాలుగా పోవుటచే ఆ స్థలము సమలంబ చతుర్భుజమైనది. పేయ్ దానిని ఒక సమద్విబాహు త్రిభుజముగను, ఒక లంబకోణ త్రిభుజముగను విభజించెను. ఫలితముగ ఒక మూల 19.5 డిగ్రీల కోణముతో కత్తి అంచువలె తేలినది. వచ్చినవారెల్ల తాకి తాకి ఆ గులాబిరంగు చలువరాతి అంచు మాసి నల్లబడినది. తాకి చూడక నిలువలేని మూల అది!

ఇక మన పనికి వత్తము. 2002లో ఆటోడెస్క్ సంస్థ చేతికి వచ్చిన రెవిట్ అను సాఫ్ట్‌వేరునందు గోడ ఉత్త గీత కాదు. మందము, ఎత్తు, పొరలు గల వస్తువు. ఒంటరిగా నిలిచిన గోడను అది లంబముగనే ముగించును. ఎడిట్ ప్రొఫైల్ అను ఆదేశము ఎదుటినుండి కనుపించు ఆకారమునే మార్చును గాని, పైనుండి కనుపించు కోణమును మార్చజాలదు. క్రొత్తవారు ఇక్కడనే చిక్కుకొందురు.

మేమును చిక్కుకొంటిమి. ప్లానులో గోడ కొసపై మాస్కింగ్ రీజియన్ అను తెల్లని కప్పు వైచి, దానిపై ఏటవాలు గీత గీచితిమి. కాగితము చూచినవారు మెచ్చుకొనిరి. మా అధ్యాపకులు మాత్రము నమూనాను త్రిప్పి చూపిరి. గోడ లంబముగనే యున్నది! ఇటుకల లెక్కయు తప్పే. 230 మిల్లీమీటర్ల గోడను 45 డిగ్రీలకు కోసినచో ఒక ముఖము రెండవదానికంటె 230 మిల్లీమీటర్లు పొట్టియగును. 3 మీటర్ల ఎత్తునకు తగ్గునది సుమారు 0.08 ఘనపు మీటరు. ఘనపు మీటరునకు 500 ఇటుకల చొప్పున 40 ఇటుకలు. కోతలో విరుగునవి వేరు. పేయ్ మూలవలె 19.5 డిగ్రీలకు కోసినచో ముఖముల తేడా 650 మిల్లీమీటర్లగును.

సరియైన మార్గములు రెండు. మొదటిది తోడుగోడ. పటములు కట్టువాడు చట్రపు మూలలను వాలుగా కోసి అతికినట్లు, రెవిట్‌లో వాల్ జాయిన్స్ ఆదేశమునందలి మైటర్ పద్ధతి, ఒకే మందము గల రెండు గోడలను వాని నడిమి కోణమును సగము చేయుచు కోయును. కావున 45 డిగ్రీల కోతకు తోడుగోడను 90 డిగ్రీలకు, 30 డిగ్రీల కోతకు 60 డిగ్రీలకు గీయవలెను. అయితే తోడుగోడను తీసివేసిన కొస మరల లంబమగును. ఉంచిన లెక్కలో చేరును. అందుచే అక్కడ నిజముగ గోడ యున్నప్పుడే ఈ పద్ధతి మేలు.

ఒంటరి కొసకు రెండవదియే శరణ్యము. గోడను పొడవైన ముఖము ముగియువరకు గీచి, మోడల్ ఇన్‌ప్లేస్ ద్వారా వాయిడ్ అను శూన్యఘనమును త్రిభుజాకారమున కల్పించి, కట్ జామెట్రీతో కోయవలెను. అప్పుడు ఘనపరిమాణము సరిపడును. గోడను జరిపినప్పుడు శూన్యము తనంతట వెంట రాదని మాత్రము మరువరాదు. మాలో ఒకరు మరచి రెండు గంటలు వెదకిరి.

చివరకు కొలతల మాట. తాపీ మేస్త్రి చేత నుండునవి టేపు, మూలమట్టము, గుండు, కోణమానిని కాదు. కనుక ప్లానుపై 45 డిగ్రీలని వ్రాసి ఊరకుండక, ఒక ముఖము 3000 అనియు, రెండవది 2770 అనియు వేరువేరుగ చూపవలెను.