సిగార్ పెట్టె, మూడు తీగలు

2012 డిసెంబరు 12న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో శాండీ తుపాను బాధితుల కోసం పెద్ద కచేరీ జరిగింది. బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ వేదికెక్కి, నిర్వాణ రాక్ బృందంలో మిగిలిన సభ్యులతో కలిసి ఓ కొత్త పాట అందుకున్నాడు. కోరుకున్న గిటారు కొనుక్కోగల ఆ మనిషి చేతిలో ఆ రాత్రి ఉన్నది ఖాళీ సిగార్ పెట్టెకు కర్ర బిగించి తీగలు కట్టిన వాయిద్యం. చేసినవాడు మాటీ బరాటో. అమెరికాలో ఇలాంటివి చేసి అమ్ముకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి కార్ఖానా అంటే ఇంటి గ్యారేజీలో ఒక బల్ల, దాని మీద రంపం, ఆకురాయి, సోల్డరింగ్ ఐరన్.

మన గోదావరి లంక పొగాకు చుట్టలు కట్టలుగానే అమ్ముడుపోయేవి, పెట్టెతో పనిపడలేదు. అమెరికాలోనూ మొదట్లో సిగార్లు పెద్ద పెద్ద పీపాల్లోనే దుకాణాలకు చేరేవి. 1840ల తర్వాత చిన్న చెక్కపెట్టెలు వాడుకలోకి వచ్చాయి. అంతర్యుద్ధం ఖర్చు కోసం 1860లలో ప్రభుత్వం సిగార్ల మీద పన్ను వేసి, పన్ను కట్టిన బిళ్ల అంటించడానికి వీలుగా వాటిని పెట్టెల్లోనే అమ్మాలంది. ఖాళీ అయిన పెట్టెలో మళ్లీ సిగార్లు నింపితే నేరం. ఆ హెచ్చరిక పెట్టె మీదే అచ్చేసి ఉండేది. దాంతో పల్చటి, తేలికైన, బాగా ఎండిన చెక్కపెట్టెలు ఊరూరా ఊరికే దొరకసాగాయి. ఆ చెక్క చాలావరకు స్పానిష్ సీడర్. పేరు సీడర్ అయినా అది మహాగని కుటుంబానికి చెందిన చెట్టు. ఒక రకంగా ఈ వాయిద్యం పన్నుల శాఖ పుణ్యం.

ఎడ్విన్ ఫోర్బ్స్ అనే చిత్రకారుడు అంతర్యుద్ధ శిబిరంలో ఒక సైనికుడు సిగార్ పెట్టె ఫిడేలు వాయిస్తున్న దృశ్యాన్ని చెక్కాడు. ఆ చిత్రం 1876 నాటిది. తర్వాతి కాలంలో అమెరికా బాయ్ స్కౌట్స్ స్థాపకుల్లో ఒకడైన డేనియల్ కార్టర్ బియర్డ్, అదే శతాబ్దం చివర్లో పెట్టెతో బాంజో చేసుకునే పద్ధతిని పిల్లల కోసం బొమ్మలతో సహా ప్రచురించాడు. అయితే ఈ వాయిద్యానికి అసలు ప్రాణం పోసింది దక్షిణాది పేదలు, ముఖ్యంగా నల్లజాతి కుటుంబాలు. గిటారు కొనే స్తోమత లేని ఇళ్లలో చీపురుకు చుట్టిన తీగ ఊడదీసి గోడకు రెండు మేకులు కొట్టి కట్టేవాళ్లు, కింద ఒక సీసా దూర్చి మీటేవాళ్లు. అది ఒంటి తీగ డిడ్లీ బో. పెట్టె దొరికిన పిల్లవాడు దానికంటే ఒక మెట్టు పైకెక్కినట్టే. జాజ్‌లో ఎలక్ట్రిక్ గిటారుకు గౌరవం తెచ్చిన చార్లీ క్రిస్టియన్ ఓక్లహోమా సిటీలో బడి పిల్లవాడిగా ఉన్నప్పుడు సిగార్ పెట్టెలతో గిటార్లు చేసేవాడని రచయిత రాల్ఫ్ ఎల్లిసన్ రాశాడు. టెనెసీలో కౌలు కుటుంబంలో పుట్టిన రాక్‌అబిలీ గాయకుడు కార్ల్ పెర్కిన్స్‌కు తొలి గిటారు తండ్రి చేసిచ్చినదే: ఒక సిగార్ పెట్టె, ఒక చీపురు కర్ర.

ఇప్పటి తయారీదారులు చీపురు కర్ర వాడరు. దాదాపు మూడడుగుల పొడవు, ఒకటిన్నర అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న మేపుల్ లేదా ఓక్ కర్ర తీసుకుంటారు. పెట్టె రెండు పక్కలా గాడి కోసి కర్రను ఈ చివరి నుంచి ఆ చివరికి దూరుస్తారు. తీగల లాగుడంతా ఆ కర్రే భరిస్తుంది, పల్చటి పెట్టె మీద పడదు. మూత కింద కర్రను కొద్దిగా చెక్కి సందు వదలాలి. మూతకు కర్ర ఆనుకుంటే అది కంపించదు, నాదం బొంగురు పోతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా ఇక్కడే తప్పుతారు. తీగలు మూడే కాబట్టి లాగుడు తక్కువ. కర్ర వంగకుండా ఫ్యాక్టరీ గిటార్ల మెడలో పెట్టే ఇనుప ఊచ అక్కర్లేదు.

కర్ర మీద మెట్లు (ఫ్రెట్లు) బిగించే దగ్గర మాత్రం కంటి అంచనా పనికిరాదు. తీగ నిడివిని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన నిడివిని మళ్లీ అదే అంకెతో భాగించాలి. 25 అంగుళాల తీగకు మొదటి మెట్టు 1.403 అంగుళాల దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో, 12.5 దగ్గర పడతాయి. అసలు మెట్లే లేకుండా చేసేవాళ్లూ ఉన్నారు. అలాంటి వాటి మీద సీసా మెడ ముక్కను వేలికి తొడిగి, మన గోటువాద్యం పద్ధతిలో తీగ మీద జార్చి వాయిస్తారు.

ఈ వాయిద్యం అమ్ముడుపోవడానికి అసలు కారణం దాని శ్రుతిలో ఉంది. మూడు తీగలను సాధారణంగా జి, డి, జి స్వరాలకు బిగిస్తారు. మన లెక్కలో షడ్జం, పంచమం, తారషడ్జం. ఏమీ నొక్కకుండా మీటితేనే ఒక కార్డ్ (స్వరాల జోడింపు) పలుకుతుంది. అయిదో మెట్టు దగ్గర ఒక వేలు అడ్డంగా ఆనిస్తే రెండోది, ఏడో మెట్టు దగ్గర మూడోది. లెక్కలేనన్ని బ్లూస్ పాటలకు ఆ మూడూ చాలు. ఆరు తీగల గిటారు కొని, వేళ్లు నొప్పిపుట్టి అటక మీద పెట్టేసినవాళ్లు ఎందరో. అలాంటివాళ్లకు పది నిమిషాల్లో పాట చేతికి చిక్కుతుంది. వారాంతపు సంతల్లో బల్ల పరిచే అమ్మకందారులకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఒక గిటారును బల్ల మీద విడిగా పెట్టి, దారిన పోయేవాళ్ల చేతికే ఇచ్చేస్తారు.

పెట్టె చిన్నది, నాదం పెద్దగా ఉండదు. ఆ కొరత తీర్చేది పీజో బిళ్ల. బజర్లలో వాడే, 27 మిల్లీమీటర్ల వెడల్పున్న ఈ ఇత్తడి బిళ్ల చాలా చవక. మూత కింద అంటిస్తే చెక్క కంపనాన్ని విద్యుత్తుగా మారుస్తుంది. చిక్కేమిటంటే, చెయ్యి పెట్టెకు తగిలిన చప్పుడును, చొక్కా గుండీ రాపిడిని కూడా వినిపిస్తుంది. దాన్ని తగ్గించడానికి బిళ్లను వేడి జిగురులో ముంచినట్టు కప్పేస్తారు.

ఆంప్లిఫయర్‌కూ మరో సిగార్ పెట్టే. మూతకు గుండ్రంగా రంధ్రం కోసి చిన్న స్పీకర్ బిగిస్తారు, వెనక 9 వోల్టుల బ్యాటరీ, మధ్యలో ఎనిమిది కాళ్ల ఎల్ఎమ్386 ఐసీ. ఇది సంకేతాన్ని 20 రెట్లు పెంచుతుంది. ఒకటో కాలికీ ఎనిమిదో కాలికీ మధ్య 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కలిపితే 200 రెట్లు. వచ్చే శక్తి ఒక వాటు కూడా ఉండదు. కానీ అంతగా పెంచేసరికి ధ్వని చిట్లి గరగరమంటుంది. రేడియోలో అదే వస్తే రిపేరుకిస్తాం, బ్లూస్ వాయించేవాళ్లు మాత్రం ఏరికోరి తెచ్చుకుంటారు. పీజోను నేరుగా ఈ ఐసీకి కలిపితే మంద్రస్వరాలు పీలగా వస్తాయి. అందుకని తెలిసినవాళ్లు మధ్యలో ఒక ఎఫ్ఈటీ ట్రాన్సిస్టర్ పెడతారు. ఖర్చు నామమాత్రం, తేడా మాత్రం మొదటి మీటులోనే వినిపిస్తుంది.

2000ల మొదట్లో ఇంటర్నెట్ ఈ తయారీదారులను ఒకచోట చేర్చింది. పెన్సిల్వేనియాకు చెందిన షేన్ స్పీల్ పాత పెట్టె వాయిద్యాలు సేకరించి, వాయించి, నేర్పించి ప్రచారం చేశాడు. అలబామాలోని హంట్స్‌విల్‌లో వీటికంటూ ఉత్సవం మొదలైంది. ఆరు తీగల గిటారులో ఆరితేరిన సమంతా ఫిష్ కూడా కచేరీల్లో పెట్టె గిటారు పట్టుకుంటుంది. న్యూహాంప్‌షైర్‌లోని సీబీ గిట్టీ అనే సంస్థ పెట్టెలు, శ్రుతి మరలు, పీజోలు, విడిభాగాల కిట్లు అమ్మడమే పెద్ద వ్యాపారంగా చేసుకుంది.

అమ్మకంలో పెట్టె అందమే ముందు కంటపడుతుంది. రంగుల లేబుల్, ఇత్తడి మూలలు, ఊరికి ఆనవాలుగా నిలిచే పాత నంబర్ ప్లేటు చూసి జనం ఆగుతారు. వెల సుమారు వంద డాలర్ల నుంచి మూడు, నాలుగు వందల దాకా ఉంటుంది. పెట్టెకు అయ్యేది కొన్ని డాలర్లే కాబట్టి మిగతాదంతా లాభమని కొనేవాడికి అనిపించవచ్చు. మెట్లు సమం చెయ్యడం, తీగల ఎత్తు సరిచెయ్యడం, పన్నెండో మెట్టు దగ్గర స్వరం నిలుస్తోందో లేదో చూడడం గంటలు తినే పని. అది ఫొటోలో కనబడదు. సోకులు అద్ది మెట్లు గాలికొదిలేసిన పెట్టెలూ బజారులో ఉన్నాయి. వాటికి వాయిద్యమన్న పేరు తగదు, గోడకు తగిలించుకునే బొమ్మలు. కొనేవాళ్లు తీగను ఖాళీగా ఒకసారి, పన్నెండో మెట్టు నొక్కి ఒకసారి మీటి చూడాలి. రెండోది మొదటి స్వరానికి సరిగ్గా పైస్థాయిలో పలకాలి. పలకకపోతే లేబుల్ ఎంత ముచ్చటగా ఉన్నా అక్కడే వదిలేసి రావచ్చు.