ఫోనుకు ‘డ’ తెలుసా?

ఇదివరకు డిక్టేషన్ చేతికి పరీక్ష. ఫోనొచ్చినాక కంటికి పరీక్ష అయింది. ఎట్లంటారా?

ఫోన్లో చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనే కొడతారు. అక్కడ ద, డ రెండింటికీ ఒకటే ‘డి’. మా సుగాలీల మాటలో అమ్మను ‘యాడి’ అంటాం. ఉయ్యాలవాడ నుంచి తండాలోని అన్నకు సార్ ఫోన్లో ఆ మాట కొడితే ‘యాది’ అని పడింది. చూసుకోకుండా పంపేశాను. అమ్మ కాస్తా జ్ఞాపకమైపోయింది! మా భాషకు సొంత లిపి లేదు, ఇక్కడ తెలుగు అక్షరాలే దిక్కు.

తెలుగు కీబోర్డులో ద, డ వేరువేరుగా ఉంటాయి. కాకపోతే ఒత్తుకు ముందు పొల్లు నొక్కాలి: క, పొల్లు, మళ్లీ క కొడితే ‘క్క’. పలక మీద ఈ వరస లేదు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు పాఠాల కోసం ట్యాబులిచ్చారు. చూడ్డం సరే, రాయడమో?

వార్డెన్ సార్, ఆదివారం ఒక గంట ఆ కీబోర్డు నేర్పించండి. గోడపత్రిక మాత్రం చేత్తోనే రాస్తాం.