ఫోన్లు మూగవోయిన వేళ పలికే పెట్టె
వాహనంలో రెండువైపుల రేడియో: ఎంపికలో పాటించవలసిన వివేకం

2006 ఆగస్టులో సూరత్ నగరం తాపీనది పాలయింది. ఎగువన దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉకాయి ఆనకట్ట నుండి తొమ్మిది లక్షల క్యూసెక్కులకు పైబడిన ప్రవాహం దిగువకు రాగా, నగరంలో అధికభాగం నీట మునిగింది. విద్యుత్తు ఆగిపోయింది, ఎన్నో చోట్ల టెలిఫోన్లు మూగవోయాయి. మేడలపైన చిక్కుకొన్నవారికి కావలసినవి పాలు, మందులు, పడవలు. వాటిని చేరవేసేవారికి అన్నిటికన్న ముందు కావలసినది కబురు: ఎవరు, ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నారన్న కబురు.

వరాఛా ఆ నగరంలో మిక్కిలి జనసమ్మర్దం గల ప్రాంతం. వజ్రాలు సానపట్టే కార్ఖానాలు, కుట్టుపని మిషన్లు, వాటినడుమ కిక్కిరిసిన నివాసాలు, నెత్తిమీద పైవంతెనలు. తెలంగాణ జిల్లాలనుండి తరలివెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఈ నగరపు మగ్గాలనే నమ్ముకొని జీవిస్తున్నవి గనుక, సూరత్ క్షేమం తెలుగువారికి పరాయి విషయం కాదు. వరాఛాలో పది అంబులెన్సులు నడిపే సేవాసంస్థ ఒకటి ఉన్నదనుకోండి. తన వాహనాలకు అది ఎటువంటి రేడియోను ఎన్నుకోవాలి?

పోలీసు కారులో రేడియో మొదట చెవిగానే పనిచేసింది. 1928లో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు కార్లలో అమర్చినవి వినడానికే తప్ప బదులు పలకడానికి పనికిరావు. 1933లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బెయోన్ నగరంలో కారు తిరిగి మాట్లాడింది. నాటినుండి నేటివరకు సూత్రం ఒక్కటే: మీట నొక్కితే మాట, వదిలితే వినికిడి. ఒకరు పలికినది ఒకేసారి పదిమంది వింటారు. ఈ ఒక్క గుణంలో సెల్‌ఫోను దీనికి సాటిరాదు.

సాధారణంగా జరిగే పొరపాటు, ముందు పెట్టెను కొని తరువాత అనుమతి వెదకడం. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలంనుండి లైసెన్సు లేని సెట్టును దగ్గర ఉంచుకోవడమే నేరం. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ రేడియో పరికరానికి అనుమతి తప్పనిసరే. వాకీటాకీలను వివరాలు దాచి ఇంటర్‌నెట్ అంగళ్ళలో అమ్ముతున్నందున, 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ప్రత్యేక మార్గదర్శకాలను వెలువరించవలసి వచ్చింది. కనుక మొదటి ప్రశ్న "ఏ పెట్టె?" కాదు, "ఏ దారి?"

దారులు మూడు. మొదటిది అందరిదీ. 27 మెగాహెర్ట్‌జ్ వద్దనున్న పౌరుల బాండు, 446.0 నుండి 446.2 మెగాహెర్ట్‌జ్ వరకు గల స్వల్పశక్తి బాండు లైసెన్సు లేకుండా వాడదగినవి. కాని అవి ఉమ్మడి బావులవంటివి. పొరుగువారి మాటలు అడ్డువస్తే ఫిర్యాదు చేసే హక్కు లేదు. ఊరేగింపుకూ, గోదాముకూ చాలుతాయి. ప్రాణం తీసుకుపోయే బండికి చాలవు.

రెండవది సొంత దారి. టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం సంస్థకు పౌనఃపున్యం కేటాయిస్తుంది. దానికి ఏటా రుసుము ఉంటుంది. మూడవది అద్దె దారి. లైసెన్సు పొందిన కంపెనీ తన టవర్లమీద పలువురు చందాదారులకు ట్రంకింగ్ సేవ నిస్తుంది. మన ప్రాంతానికి ఆ సేవ అందుతున్నదో లేదో ముందు తెలుసుకోవాలి. ఔత్సాహికుల హామ్ రేడియో వేరు. అది వ్యాపారానికి, సంస్థల నిత్యవ్యవహారానికి పనికిరాదు. అయినా 2001 భుజ్ భూకంపంలోను, 2004 అండమాన్ సునామీలోను కబుర్లు చేరవేసినవారు హామ్‌లే. 1983లో హైదరాబాదులో వెలసిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ అటువంటివారికి శిక్షణ నిచ్చింది.

దారి తేలిన పిమ్మట పెట్టె మాట. కేటాయించిన పౌనఃపున్యానికి తగిన సెట్టునే కొనాలి. 150 మెగాహెర్ట్‌జ్ ప్రాంతపు వి.హెచ్.ఎఫ్. తరంగాలు బయలు నేలమీద దూరం పోతాయి. 450 ప్రాంతపు యు.హెచ్.ఎఫ్. కట్టడాల సందులలో దూరగలదు. వరాఛావంటి చోట రెండవదే మేలు. దాని ఏరియల్ కూడా పొట్టిది: పావు తరంగపు కడ్డీ పదహారు, పదిహేడు సెంటీమీటర్లే, వి.హెచ్.ఎఫ్.కు యాభై కావాలి. ఏరియల్‌ను బండి కప్పు నడుమ బిగించాలి.

వాట్లనుచూసి మోసపోరాదు. 25 వాట్లను 50 చేసినందువల్ల దూరం రెట్టింపు కాదు. ఏరియల్ ఎత్తు పెరిగితే దూరం నిజంగా పెరుగుతుంది. అందుకే ఎత్తయిన భవనంపై రిపీటరును నిలిపి, బండ్ల మాటలను దానిద్వారా తిరిగి ప్రసారం చేస్తారు. డిజిటల్ డి.ఎం.ఆర్. పద్ధతిలో ఒకే రిపీటరుమీద రెండు సంభాషణలు జరుగుతాయి. అయితే పాతపద్ధతిలో గొంతు క్రమంగా మసకబారుతుంది. డిజిటల్‌లో హఠాత్తుగా తెగిపోతుంది. సెట్టులోని టోన్ అమరిక ఇతరుల మాటలు మనకు వినబడకుండా చేస్తుందే గాని, మన మాటలను రహస్యంగా ఉంచదు. రోగి వివరాలు పలికేవారు ఇది మరువరాదు.

45 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు పది ఆంపియర్ల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి విద్యుత్తు లాగుతుంది. కనుక తీగను ఫ్యూజుతో నేరుగా బాటరీకి కలపాలి. 24 వోల్టుల లారీకి 12 వోల్టుల సెట్టును నేరుగా తగిలిస్తే కాలిపోతుంది. మధ్య కన్వర్టరు ఉండాలి.

సొమ్ము చెల్లించడానికి ముందు ఒక్క సెట్టును బండిలో అమర్చి, ఆసుపత్రి మార్గమంతా తిరిగి, పైవంతెనల క్రింద, ఇరుకు సందులలో, నేలమాళిగలలో మాట ఎక్కడ తెగుతున్నదో గుర్తించడం మంచిది. చివరిగా రిపీటరు బాటరీని చూడాలి. అది క్రింది అంతస్తులో ఉంటే, వరదనాడు పది బండ్లలోని పది పెట్టెలూ ఒక్కసారిగా దాని సాయం కోల్పోతాయి. దానికి తగిన చోటు నీరు చేరని మేడపైనే.