పాతకారు ప్రయాణము

తాతగారి నాటి వెండిచెంబును అటకమీదినుండి దింపునపుడు మనము రెండుచేతులతోడను పట్టుకొందుము. అదే తాతగారి అంబాసిడరు కారును పొరుగూరికి పంపవలసివచ్చినచో, ట్రైలరుపై నెక్కించి, ఒక త్రాడు చుట్టి, పని ముగిసినదని తలంతుము. ఉత్తరపారాలో ఈ కారు తయారీ 2014వ సంవత్సరమున నిలిచిపోయినది. పోయినదానికి బదులు క్రొత్తది రాదు. అంతకంటె ముఖ్యమైనది, వెనుక వచ్చువారి ప్రాణము.

హ్యాండుబ్రేకు వేసితిమి గదా యని కొందరందురు. ఆ బ్రేకు వెనుకచక్రములను మాత్రమే పట్టును. లాగుబండి హఠాత్తుగా నిలిచినను, వెయ్యికిలోలకు పైబడిన కారు ముందునకే పోజూచును. అందుచేతనే ఐరోపా ప్రమాణములలో, కట్టు ముందువైపున సరకు బరువులో నూటికి 80 వంతుల బలమునకును, వెనుకకును పక్కలకును 50 వంతుల బలమునకును తాళవలెనని నియమము గలదు.

మొదట కారు నిలుపు చోటు చూడవలెను. బరువు వెనుకకు హెచ్చినచో ట్రైలరు తోకవలె అటునిటు ఊగి, లాగుబండినిసైతము త్రోవ తప్పించును. కావున బరువు ఇరుసునకు కొంచెము ముందుగా నుండవలెను. మొత్తము బరువులో ఇంచుమించు పదవవంతు లాగుబండి కొక్కెముపై పడుట మేలు.

పిమ్మట కట్టు. కారు ఒడలు స్ప్రింగులపై నూగుచుండును. పట్టీని ఒడలికి గట్టినచో, గతుకులో ఒడలు క్రుంగగనే కట్టు వదులగును, కొక్కెము జారిపోవును. కావున చక్రములకుగాని ఇరుసునకుగాని కట్టవలెను. బంపరునకును, బ్రేకుగొట్టములకును, తీగెచువ్వల చక్రములలోని చువ్వలకును ఎన్నడును కట్టరాదు. పట్టీలు నాలుగు కావలెను: ముందురెండు ముందునకు, వెనుకరెండు వెనుకకు లాగవలెను. ఆవకాయజాడీకి వాసెన గట్టునపుడు నలువైపుల సమముగా బిగింతుము గదా, ఇదియు నట్లే. అంచు చిరిగిన పట్టీని వాడరాదు. గేరు వేసి, చక్రములకు చెక్కదిమ్మ లడ్డుపెట్టవలెను.

రంగు చెడునని పైన దుప్పటి కప్పుట ఆడువారమైన మనకు సహజము. కాని గాలికి కొట్టుకొను గుడ్డయు, దానిక్రింద చేరిన దుమ్మును ఆ రంగునే గీచివేయును. లోపలి వదులుసామాను తీసివేసి, అద్దములు మూసిన చాలును. పిల్లలు ముచ్చటపడినను ట్రైలరుపైనున్న కారులో కూర్చుండనీయరాదు.

బయలుదేరిన ఇరువది కిలోమీటర్లకే బండి నాపించి, పట్టీలను చేతితో నొక్కి చూడవలెను; క్రొత్తకట్టు తొలిదూరముననే సడలును. తరువాత ఆగిన ప్రతిచోటను చూడవలెను. దీనికి యంత్రవిద్య యక్కరలేదు. ఇంటి తలుపులు రాత్రి మరియొకమారు త్రోసిచూచు గృహిణి కన్నుచాలును. సోదరీమణులారా, మగవారు తొందరపడినను, ఆ యొక్కనిమిషము మీరడిగి యాపింపుడని మా మనవి.