పాఠానికి ముందు పట్టెడన్నం

విజయనగరం మహారాజా సంగీత కళాశాల మీద, అమెరికాలోని మన తెలుగు సంఘాల ప్రత్యేక సంచికల్లో వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ అక్కడ పనిచేసిన మహానుభావుల పేర్లతో మొదలై, వాళ్ల బిరుదులతో ముగుస్తాయి. ఆ పేర్లు నేనూ చెబుతాను, చెప్పకుండా కుదరదు. కానీ నా దృష్టిలో అది ముందుగా పిల్లల కథ. కళ్లు లేని పిల్లవాడి కోసం తెరిచిన బడి అది. చూపు ఆనక బడి మానేసిన పిల్లవాడు పెద్దవాడై అందులో గురువయ్యాడు. తండ్రి పోయి, చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చిన పిల్లవాడు అక్కడి నుంచే వెళ్లి మనందరి ఇళ్లలోకీ వచ్చాడు.

విజయనగర సంస్థానంలో చాగంటి జోగారావు గారనే ఉద్యోగి ఉండేవారు. వారి అబ్బాయికి చూపు లేదు. పాటంటే మాత్రం ప్రాణం. ఆ రోజుల్లో చూపులేని పిల్లవాడికి, ఎంత కలిగిన ఇంట్లో పుట్టినా, చదువు లేదు, ఉద్యోగం లేదు, రేపు ఎవరి పంచన బతకాలన్న బెంగ ఒక్కటే ఉండేది. సంగీతం బాగా నేర్చుకోవాలంటే తంజావూరు వైపు వెళ్లాలి. కళ్లు లేని పిల్లవాణ్ణి అంత దూరం ఎవరితో పంపుతారు? ఈ సంగతి మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు చెవిన పడిందనీ, ఆ ఒక్క పిల్లవాణ్ణి దూరదేశం పంపే బదులు ఇక్కడే బడి పెడితే పదిమంది పిల్లలూ నేర్చుకుంటారని ఆయన తలచారనీ విజయనగరంలో ఇప్పటికీ చెబుతారు. అలా 1919 ఫిబ్రవరి 5న సంగీత కళాశాల మొదలైంది. రాజులు తమ పేరు కోసం కట్టించినవి చాలానే చూశాం. ఇంట్లో మూల కూర్చున్న ఒక బిడ్డను చూసి పెట్టిన సంస్థ కావడం వల్లనే నాకు ఈ కళాశాల మీద ఇంత మమకారం.

మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. కలిగిన కుటుంబం కాదు. ఐదేళ్ల వయసులో గుడి దగ్గర భాగవతం పుస్తకం అమ్మకానికి కనిపిస్తే కావాలని పట్టుబట్టారనీ, ఇంత పిల్లవాడికి భాగవతమెందుకని పుస్తకాలాయన నవ్వితే గడగడా పద్యాలు చదివి వినిపించారనీ, ఆయన మురిసిపోయి పుస్తకం ఊరికే ఇచ్చేశారనీ ప్రసిద్ధమైన కథ. ఆ బాలుడే హరికథా పితామహుడయ్యారు. కాలికి గజ్జె, చేతిలో చిరతలు, నోట పాట, మధ్యలో పిట్టకథ, శ్లోకం, నవ్వు. సంగీతం, నృత్యం, సాహిత్యం మూడూ ఒక్క మనిషిలో నడిచిన విద్య అది. రెండు చేతులతో, రెండు కాళ్లతో, తలతో ఒకేసారి ఐదు తాళాలు వేసి చూపించగలిగినవారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీకం నుంచి నేరుగా సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చినవారు. పాటకూ చదువుకూ మధ్య గోడ కట్టడం ఆయనకు తెలియదు. ఇప్పుడు మనం పిల్లల్ని ‘డాన్స్ ఎక్కువైతే చదువు దెబ్బతింటుంది’ అని బెదిరిస్తున్నాం. ఆ బెదిరింపుకు నారాయణదాసు గారి జీవితమంతా జవాబే.

వయొలిన్ ఆచార్యులుగా వచ్చినవారు ద్వారం వెంకటస్వామినాయుడు. 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పటి నుంచే చూపు మందం. నల్లబల్ల మీద అక్షరాలు ఆనని పిల్లవాడికి బడిలో చోటు ఎక్కడ ఉంటుంది? చదువు ఆగిపోయింది. ఇంట్లో అన్నగారు వయొలిన్ చేతికిచ్చి నేర్పారు. విజయనగరంలో కళాశాల పెట్టారని విని విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయిద్యం విన్నవాళ్లు విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా చేరమన్నారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయన వయసు ఇరవై ఆరు అటూ ఇటూ.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. వీణకు ఇరవై నాలుగు మెట్లుంటాయి. మైనంలో పొదిగిన ఆ ఇత్తడి మెట్లు వేలు ఎక్కడ పడాలో చాలావరకు చెప్పేస్తాయి. వయొలిన్‌కు మెట్లు లేవు. నున్నటి చెక్క, నాలుగు తంతులు, అంతే. వేలు వెంట్రుకవాసి జరిగితే స్వరం తప్పుతుంది. దాన్ని పట్టుకోవాల్సింది చెవి. పైగా మన సంగీతం నేర్పే పద్ధతి చూడండి. గురువు ఒక చరణం పాడతారు, శిష్యుడు తిరిగి పాడతాడు. సరళీ స్వరాల నుంచి వర్ణం దాకా పుస్తకం తెరవకుండా నడిచిపోవచ్చు. లోకం ఏ పిల్లల్ని పనికిరారని పక్కన పెట్టిందో, వాళ్లు అందరితో సమానంగా కూర్చోగలిగిన గది ఆ రోజుల్లో సంగీతం గది. చూపు లేదని బెంగపడిన పిల్లవాడి కోసం పెట్టిన కళాశాలకు చూపు ఆనక బడి మానేసిన మనిషి ఆచార్యుడు కావడం కన్నా తగిన ఏర్పాటు ఏముంటుంది! ద్వారం వారు 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో సంగీత కళానిధి అయ్యారు, 1957లో పద్మశ్రీ అందుకున్నారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను ముందుకు తెచ్చి ఒంటరిగా కచేరీ చేయించారు.

ఇక మూడో పిల్లవాడు. 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. తండ్రి మృదంగం వాయిస్తూ తరంగాలు పాడితే ఈ బాలుడు నాట్యం చేసేవాడు. బాలభరతుడని ఊళ్లవాళ్లు ముద్దుగా పిలిచేవారు. అంతలో తండ్రి పోయాడు. మేనమామ ఆదరించాడు కానీ పాట నేర్పించే దారి కనబడలేదు. గురువుల ఇళ్లలో ఊడిగం చేశాడు. ఇంటిపని చాలానే చేయించుకున్నారు, పాఠం మాత్రం అందలేదు. చివరికి వేలికున్న బంగారపు ఉంగరం అమ్మేసి, ఆ డబ్బులతో రైలెక్కి విజయనగరం చేరాడు. ఆ పిల్లవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు.

చేరేసరికి వేసవి సెలవులు. కళాశాల మూసి ఉంది. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. ఎలాగో తలదాచుకునే చోటు దొరికిందంటే, తోటి పిల్లలు చేసిన తప్పు తన మీద పడి ఆ చోటూ పోయిందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. అప్పుడు భుజాన జోలె వేసుకుని మధూకరానికి బయలుదేరాడు. వీధి వీధీ తిరిగి, గుమ్మం ముందు నిలబడి అడిగి, పెట్టినది జోలెలో వేసుకుని, గుడికి చేరి తినడం. పధ్నాలుగు, పదిహేనేళ్ల వయసుకు అభిమానం ఎంత ముల్లులా గుచ్చుకుంటుందో ఆ వయసు పిల్లలున్న ప్రతి తల్లికీ తెలుసు.

ఆయన్ను అక్కున చేర్చుకున్నవారు కళాశాలలో గాత్రం చెప్పే పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు ప్రాంతంలో పేరున్న విద్వాంసులు. జీతం మీద బతికే మాస్టారు. పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. తరువాత కళాశాలలో సీటు, సంస్థానం సత్రంలో భోజనం దొరికాయి. సత్రం భోజనం దొరికాకే ఆ కుర్రవాడి సాధన నిలబడిందని నా నమ్మకం. పొద్దున్నే గొంతు విప్పి అకార సాధన చేయాల్సినవాడు, మధ్యాహ్నం ఎవరింటి ముందు నిలబడాలా అని ఆలోచిస్తూ ఉంటే మంద్రస్థాయిలో గొంతు నిలుస్తుందా?

ఈ కథలో ఊరి పాత్ర కూడా ఉంది. పూర్వం మన వైపు పేద విద్యార్థులకు వారాలిచ్చేవారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, అలా వారమంతా అన్నం. ఎవరికీ మోయలేని భారం కాదు, పిల్లవాడికి మాత్రం చదువు నడిచిపోయేది. విజయనగరంలో కళావర్ రింగ్ అని పేరుపొందిన సరిదె లక్ష్మీనరసమ్మ గారుండేవారు. ఆటపాటల్లో గొప్ప విదుషీమణి. పేద విద్యార్థులకు అన్నం పెట్టిన తల్లి. ఘంటసాలకు తంబురా ఇచ్చింది ఆమేనని చెబుతారు. ఆమెవంటి కళావంతుల స్త్రీలను సమాజం వెలివేస్తున్న కాలం అది. ఆవిడ ఇంటి గుమ్మం మాత్రం తిండిలేని పిల్లలకు తెరిచే ఉంది. మన సంచికల్లో ఆమె ఫొటో ఒక్కసారైనా వేశామా?

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లి వచ్చి, మద్రాసు చేరి, మూడు దశాబ్దాలు తెలుగు పాటకు గొంతయ్యారు. 1970లో పద్మశ్రీ. 1971లో యూరప్ వెళ్లి, అమెరికా వచ్చి పాడారు. అప్పటికి ఇక్కడ తెలుగు సంఘాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. 1974 ఫిబ్రవరిలో పోయారు.

గురుపుత్రుడి సంగతి చాలామందికి తెలియదు. సీతారామశాస్త్రి గారి అబ్బాయి పట్రాయని సంగీతరావు మద్రాసులో ఘంటసాల పక్కన ఏళ్ల తరబడి హార్మోనియం పట్టుకుని సహాయకుడిగా పనిచేశారు. తండ్రి ఉచితంగా చెప్పిన పాఠం కొడుక్కు ఉపాధిగా తిరిగి వచ్చింది. ఆ తరువాత వెంపటి చినసత్యం గారి కూచిపూడి నృత్య నాటకాలకు ఎన్నింటికో సంగీతం కూర్చారు. న్యూజెర్సీలోనూ డాలస్‌లోనూ మన అమ్మాయిలు గజ్జె కట్టి ఆడే నృత్య నాటకాల్లో సంగీతరావు గారి స్వరాలున్నాయి. ఆయన 2021లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. సీతారామశాస్త్రి గారి పాఠం సముద్రాలు దాటి మన కమ్యూనిటీ హాలు దాకా వచ్చిందన్నమాట.

పి. సుశీల గారూ ఈ కళాశాల విద్యార్థినే. సంస్థానాలు పోయాక కళాశాల ప్రభుత్వం చేతికి వచ్చింది. పేరులో నృత్యం కూడా చేరి ‘మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల’ అయింది. 2019లో నూరేళ్లు పూర్తి చేసుకుంది. నాలుగేళ్ల సర్టిఫికెట్, రెండేళ్ల డిప్లొమా. చేరడం పెద్ద ఖర్చు కాదు. అసలు ఖర్చు మిగతాది. పార్వతీపురం దగ్గర కొండ ఊరి నుంచో, భోగాపురం దగ్గర మత్స్యకార పల్లె నుంచో ఒక పిల్ల రోజూ రావాలంటే బస్సు చార్జీ కావాలి, ఉండిపోవాలంటే గది అద్దె కావాలి, రెండు పూటలా తిండి కావాలి. మృదంగం కొనడం ఒక ఎత్తు, వాయించే కొద్దీ మూతలు మార్పించడం ఇంకో ఎత్తు. వీణ తంతులు తెగుతాయి. కాలి గజ్జెలు కొనాలి. ఈ చిన్న ఖర్చుల దగ్గరే పిల్లలు ఆగిపోతారు. ప్రతిభ లేక ఆగిపోయినవాళ్లకన్నా బస్సు చార్జీ లేక ఆగిపోయినవాళ్లే ఎక్కువని నేను గట్టిగా నమ్ముతాను.

మన సంఘంలో ఏటా ఘంటసాల ఆరాధన చేస్తున్నాం. హాలు, సౌండు, పూలు, విందు అన్నీ ఘనంగా జరుపుతున్నాం. విగ్రహం పెట్టాలన్న ప్రతిపాదన కూడా వచ్చింది. పెట్టినవాళ్ల మనసు మంచిదే. నా మనవి వేరు. విగ్రహానికయ్యే మొత్తాన్ని వారాల పద్ధతిలో వాడుదాం. ఏడు కుటుంబాలు కలిస్తే ఒక విద్యార్థి తిండి, వసతి ఏడాది పొడుగునా నడుస్తాయి. ఒక్కో కుటుంబానికి వారంలో ఒక్క రోజు పడుతుంది. డబ్బు సంఘం నుంచి కళాశాల దగ్గరి హాస్టల్‌కో, మెస్‌కో నేరుగా వెళ్లాలి. పిల్లల ఫొటోలు తీసి మన వేదిక మీద చూపించకూడదు. ఎవరి అన్నం ఎవరు తింటున్నారో పిల్లకు తెలియనక్కర్లేదు. మొదట చూపులేని పిల్లలకూ, తండ్రి లేని పిల్లలకూ ఇవ్వాలి. మొదటి ఏడాది బాగా పాడలేదని ఆపకూడదు. నాలుగేళ్ల సర్టిఫికెట్ పూర్తయ్యేదాకా నిలబడాలి.

సోమవారం మా ఇంటిది. మిగిలిన ఆరు రోజులకు పేర్లు కావాలి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన చర్చకు పెడుతున్నాను.