దాగి ఉండే పొదుగువాపు... పాలు తగ్గితే అనుమానించండి

"మేత అదే, దాణా అదే. పాలు మాత్రం పూటకు అర లీటరు తగ్గాయి. దిష్టి తగిలిందేమో!" పాడి రైతుల ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. పొదుగు వాచలేదు, పాలు విరగలేదు కాబట్టి జబ్బు సంగతి తలపుకు రాదు. చాలాసార్లు అది లోపల దాగిన పొదుగువాపే. అశ్రద్ధ చేస్తే ముదిరి ఆ చన్ను పూర్తిగా పాడైపోవచ్చు. ఒకటి రెండు గేదెలే ఆధారమైన చిన్న రైతుకు అది కోలుకోలేని దెబ్బ.

ఎలా వస్తుంది?

సూక్ష్మజీవులు చన్ను రంధ్రం గుండా లోపలికి పోతాయి. పాలు పితికాక ఆ రంధ్రం మూసుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆలోగా గేదె పేడలో పడుకుంటే జబ్బును పిలిచినట్లే. పితికేవారి చేతుల ద్వారా కూడా ఒకదాని నుంచి మరోదానికి పాకుతుంది. బొటనవేలు మడిచి పితికితే చన్ను లోపల నలిగి దెబ్బతింటుంది.

ఇంట్లోనే పరీక్ష

అర లీటరు నీటిలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కరిగించండి. నాలుగు చన్నుల పాలు కొద్దికొద్దిగా నాలుగు గిన్నెల్లో పట్టండి. ఒక్కోదానిలో పాలెన్నో అంత సబ్బునీరు పోసి, అర నిమిషం గుండ్రంగా తిప్పండి. పలచగానే ఉంటే భయం లేదు. జిగురుగా చిక్కబడితే ఆ చన్నుకు జబ్బు సోకినట్లు అనుమానించాలి. ఈనిన మొదటి వారంలోనూ, వట్టిపోయే రోజుల్లోనూ ఈ పరీక్షను నమ్మలేం. పరీక్షించిన పాలు పారబోయాలి.

ఈ జాగ్రత్తలు పాటించండి

• పితికే ముందు చేతులు, పొదుగు కడిగి పొడి గుడ్డతో తుడవాలి. పిడికిలి నిండా పట్టి పితకాలి.

• పితకగానే చన్నులను పశువైద్యుడు చెప్పిన అయోడిన్ మందులో ముంచాలి. వెంటనే మేత వేస్తే గేదె పడుకోకుండా నిలబడుతుంది.

• జబ్బు గేదెను చివర పితకాలి. ఆ పాలు కొట్టంలో పారబోయరాదు.

• ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపాలి. అప్పుడు చన్నుల్లోకి ఎక్కించే మందు అవసరమో కాదో డాక్టరును అడగాలి.

చన్ను మూసుకుందని పుల్లలు, పిన్నులు గుచ్చకండి. కాస్త తగ్గిందని మందు మధ్యలో ఆపకండి. వైద్యం జరిగే రోజుల్లోనూ, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు వరకూ ఆ పాలు అమ్మకూడదు, ఇంట్లో వాడకూడదు.

పక్షానికోసారి కాసింత సబ్బు పొడి, పది నిమిషాల ఓపిక చాలు. దిష్టి తీసే ముందు పాలు పరీక్షించండి.